కుడికొమ్ము కోశం వెంట కార్వేటినగరం దాకా

తిరుపతి వెళ్ళి కొండెక్కకుండా తిరిగి వచ్చానంటే మా వీధిలో ఎవరూ నమ్మలేదు. ఎదురింటివాళ్ళు ప్రసాదం కోసం గిన్నె కూడా పంపారు. లడ్డూ తేలేదని చెప్పి ఒక బెల్లం అచ్చు పెట్టి పంపాను. వెళ్ళిన పని ఏమిటని అడిగినవాళ్ళందరికీ విడివిడిగా చెప్పలేక, డైరీ ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

రాజమహేంద్రవరంలో చమురు అన్వేషణ కార్యాలయం ఒకదాని ప్రయోగశాలలో ముప్పై మూడేళ్ళు పనిచేశాను. భూమిలోంచి తీసిన రాతిని ఆమ్లాల్లో కరిగించి, మిగిలిన మడ్డిలో శిలాజాలు వెతికి, వాటి రూపం వర్ణించి, ఏవి ఏ రకంలో చేరతాయో రాయడం నా ఉద్యోగం. అందులో నేను ఎక్కువగా చూసినవి డైనోఫ్లాజెల్లేట్ల కోశాలు. డైనోఫ్లాజెల్లేటు అంటే ఎక్కువగా సముద్రపు నీటిలో ఉండే ఏకకణ జీవి. కొరడాల్లాంటి రెండు తోకలతో గిరగిరా తిరుగుతూ ఈదుతుంది. కొన్ని రకాలు కాలం కలిసిరానప్పుడు చుట్టూ గట్టి గూడు కట్టుకుని అడుగున పడుకుంటాయి. మంచి రోజులు రాగానే గూటికి ఒక తలుపు తెరుచుకుని జీవి వెళ్ళిపోతుంది. ఖాళీ గూడు బురదలో పడి ఉండి, కోట్ల ఏళ్ళ తర్వాత రాతిలో దొరుకుతుంది. అదే కోశం. ఆవగింజ మీద ఇరవై కోశాలు వరసగా కూర్చోగలవు. కొమ్ములు ఎన్ని, గోడకు పొరలెన్ని, తలుపు ఎక్కడ తెరుచుకుంది అన్నవి చూసి పేరు పెడతాం.

నలభై ఏళ్ళ కిందట సత్యవేడు వైపు ఒక బావిలోంచి తెచ్చిన నల్లరాతిలో రెండు కొత్త రకాలున్నాయని ఒక వ్యాసంలో ప్రకటించాను. ఎడమ కొమ్ము పొడవుగా ఉన్నదానికి నాకు పని నేర్పిన సీతాపతి గారి పేరు పెట్టాను. కుడి కొమ్ము పొడవుగా ఉన్నదానికి ఆ బావి తవ్విన మేస్త్రీ మునిరత్నం పేరు పెట్టాను. రెండూ ఒకే పుటలో అచ్చయ్యాయి.

మొన్న మార్గశిరంలో ఏర్పేడు దగ్గరి ఒక విద్యాసంస్థ నుంచి భారతి అనే పరిశోధకురాలు ఫోన్ చేసింది. అదే వైపు బావుల రాతిని ఆమె నాలుగేళ్ళుగా చూస్తోంది.

"సార్, మీ ఎడమ కొమ్ముది నాకు వందల్లో దొరికింది. కుడి కొమ్ముది ఒక్కటంటే ఒక్కటి లేదు. మీ పాత స్లైడ్లు తెప్పించినాను. మీరు రాసిన అంకెల కాడ కూడా ఏమీ లేదు. అది నిజంగా ఉండాదా లేదా? వచ్చే నెల థీసిస్ ఇయ్యాల."

మర్నాడే టిక్కెట్టు తీసుకున్నాను.

రైల్లో

ఎదుటి సీటులో చిత్తూరు బెల్లం వ్యాపారి ఒకాయన కూర్చున్నాడు. బొరుగుల పొట్లం విప్పి ముందు నాకే చాపాడు. మేం మరమరాలనేవాటిని అక్కడ బొరుగులంటారు. వేయించిన వేరుశనగ గింజలు, పచ్చిమిరపకాయ ముక్కలు కలిపితే వాటి రుచే వేరు.

"కొండకా సామీ?"

"కాదండి, ఏర్పేడుకు."

"ఏర్పేడులో ఏముండాది సామీ, అంత దూరం నుంచి వచ్చేదానికి?"

వ్యాసంలోని ఫోటో చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి ఎగదోసి చాలాసేపు చూశాడు. "వంకాయకు కాళ్ళు మొలిచినట్టుండాదే. దీనికి ఒక కాలు పొడుగేంది, పాపం?" అన్నాడు. నిజానికి అంతకన్నా బాగా నేనూ వర్ణించలేదు. దిగేముందు సంచిలోంచి ఒక అచ్చు తీసి బలవంతంగా నా చేతిలో పెట్టాడు.

తిరుపతి

బస చేసిన లాడ్జి యజమాని నేను దర్శనానికే వచ్చాననుకున్నాడు. తెల్లవారుజామున తలుపు తట్టి వేడినీళ్ళు, వెంట ఒక మంగలిని పంపాడు. ఆ మంగలి నా తలవైపు చూసి, "మీకు ఎంతసేపు సామీ, రెండు నిమిషాలు" అన్నాడు. ఉన్న నాలుగు వెంట్రుకలను కాపాడుకోవడానికి ఆయనకు టీ ఇప్పించాల్సి వచ్చింది. మా ఊళ్ళో వాకిట్లోకి వచ్చినవాణ్ణి ఏం కావాలని అడుగుతారు. తిరుపతిలో ఆ ప్రశ్న అవసరం లేదు, అందరూ ఒక్క పనికే వస్తారు. టీ తాగి మంగలి వెళ్ళాక, డైరీలు సంచిలో సర్దుకుని ఏర్పేడు బస్సెక్కాను.

ఏర్పేడు

భారతికి ముప్పై ఏళ్ళుంటాయి. చిత్తూరు అమ్మాయి. మాట వేగం, చెయ్యి నిదానం. సూక్ష్మదర్శిని ముందు కూర్చునేవాళ్ళకు ఆ రెండోది ఉంటే చాలు.

ఆమెకు కోశం ఎందుకు దొరకలేదో నాకు ముందే తెలుసు. స్లైడు మీద ఒక కోశం ఎక్కడుందో చెప్పడానికి మా కాలంలో సూక్ష్మదర్శిని పీఠానికున్న కొలబద్ద అంకెలు రాసేవాళ్ళం. ఆ అంకెలు ఆ ఒక్క యంత్రానికే చెల్లుతాయి. మా యంత్రం ఎప్పుడో తుక్కు కిందికి పోయింది. అయితే ముఖ్యమైన ప్రతి కోశానికీ చుట్టుపక్కల ఏముందో డైరీలో చిన్న పటం గీసుకోవడం నాకు అలవాటు. మునిరత్నం కోశానికి గీసిన పటంలో పైన గాలిబుడగ ఉంది. దాని కింద ఎడమపక్కన రెండు రెక్కల పుప్పొడి రేణువు ఉంది. ఆ రేణువును ఆనుకుని కోశం. పక్కన నా అక్షరాలు: "వీపు పైకి ఉంది. రెండుసార్లు చూశాను."

స్లైడును ఒక అంచు నుంచి వరసలు వరసలుగా, పొలం దున్నినట్టు చూసుకుంటూ వచ్చాం. నా కళ్ళు అలిసినప్పుడు ఆమె, ఆమె కళ్ళు అలిసినప్పుడు నేను. మధ్యాహ్నం దాటాక గాలిబుడగ అంచు కనబడింది. తర్వాత పుప్పొడి, దాని పక్కన కోశం. నలభై ఏళ్ళకు కూడా తేనెరంగు చెదరలేదు. పాత స్నేహితుణ్ణి రైల్వేస్టేషన్లో గుర్తుపట్టినంత సంతోషమైంది.

"ఇదుగోనమ్మా, మునిరత్నం" అని లేచి చోటిచ్చాను.

భారతి చూసింది. ఫోకస్ కిందికీ పైకీ సరిచేసి మళ్ళీ చూసింది.

"సార్, దీనికి ఎడమ కొమ్ము కదా పొడుగుండేది?"

"కాదమ్మా, కుడి."

"మీరే సూడండి సార్."

చూశాను. వీపు పైకే ఉంది. పొడవైన కొమ్ము ఎడమవైపే ఉంది.

అచ్చయిన పుటను బల్ల మీద పరిచి, పక్కన డైరీ పెట్టాను. డైరీ పటంలో పుప్పొడి ఎడమపక్కన ఉంటే, అచ్చులో కుడిపక్కన ఉంది. సూక్ష్మదర్శిని బొమ్మను తలకిందులు చేస్తుంది కదా సార్ అంది భారతి. తలకిందులు చేస్తుంది కానీ అద్దంలో చూపినట్టు మార్చదు. అయినా డైరీని నాలుగు వైపులా తిప్పి చూశాం, కలవలేదు. అప్పుడు భారతి ఆ పుటను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, వెనుకవైపు తనకు వచ్చేలా వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. కాగితం గుండా కనబడిన బొమ్మ నా పటంతో గీతకు గీత కలిసింది.

చీకటిగదిలో ఫోటోలు కడిగే అతను ఫిల్మును తిరగేసి పెట్టాడు. ఇంత చిన్న సంగతి. కోశం బోర్లా పడితే ఎడమ కొమ్ము కుడివైపు కనబడుతుందని నాకు బాగా తెలుసు. అందుకే వీపు పైకి ఉందని రెండుసార్లు సరిచూసి రాసుకున్నాను. తర్వాత సూక్ష్మదర్శిని వంతు ఇంకొకరిదైతే, ఫోటో ముందు పెట్టుకుని వర్ణన పూర్తిచేశాను. ఫోటోలో కుడి కొమ్ము పొడవు, డైరీలో వీపు పైకి. ఇంకేం, కొత్త రకం అని తేల్చేశాను. ఫోటోనే బోర్లా పడి ఉండవచ్చని తోచలేదు.

"ఐతే రెండూ ఒకటే సార్!" భారతి ముఖం వెలిగి, వెంటనే నా ముఖం చూసి తగ్గింది. "నాకు ప్రాణం లేచొచ్చింది. మీకేమో..."

"నాకేం లేదమ్మా. తేలింది కదా."

తేలనిది ఒకటి మిగిలింది. ఒకే రకానికి రెండు పేర్లుండకూడదు. ముందు అచ్చయిన పేరు నిలబడుతుంది, రెండోది పోతుంది. ఈ రెండూ ఒకే పుటలో అచ్చయ్యాయి. అలాంటప్పుడు వాటిని మొదట కలిపినవాళ్ళు ఏ పేరు ఉంచితే అదే నిలబడుతుంది. అంటే ఆ హక్కు భారతిది.

ఏ పేరుకైనా మొదట వర్ణించిన ఆ ఒక్క కోశమే ఆధారం. ఆమె సీతాపతి గారి పేరు పెట్టిన కోశం స్లైడు తీసి పెట్టింది. కోశాన్ని అతికించిన జిగురు ఎండి బీటలు వారింది. బీట కోశం మీదుగా పోయి, ఒక కొమ్ము విరిగి నల్లటి మడ్డిలో కలిసిపోయింది.

"ఏ పేరు ఉంచేది సార్? మీరే చెప్పండి."

"ఒక్క రోజు ఆగమ్మా" అన్నాను. మునిరత్నం కార్వేటినగరంలో కూతురింటి దగ్గర ఉంటున్నాడని నాకు తెలుసు. ఈ సంగతి కాగితం మీదికి ఎక్కకముందే నా నోటితో అతనికి చెప్పాలనిపించింది. భారతికీ ఇంటికి పోవలసిన పని ఉంది. మర్నాడు పొద్దున ఆమె కారులోనే బయలుదేరాం.

వడమాలపేట

రోడ్డు పక్క రేకుల పంచలో ఒకావిడ వేడివేడి ఇడ్లీలు వడ్డిస్తోంది. చట్నీకి బదులు ఊరిబిండి వేసింది. వేరుశనగ, ఎండుమిర్చి, చింతపండు కలిపి నూరిన పచ్చడి అది. మొదటి ముద్దకే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గబగబా నీళ్ళు తాగాను.

"కారం తక్కువ కావాలంటే ముందే చెప్పాల సామీ. ఇప్పుడు చెంబుడు నీళ్ళు తాగితే పోతాదా?" అని, ఇంకో ఇడ్లీ వేసి దాని మీద నెయ్యి పోసింది. "ఏమ్మే, మీ నాయన్ను యాడి నుంచి తెచ్చినావు?" అని భారతిని అడిగింది. ఇద్దరికీ కలిపి ఆమె తీసుకున్న డబ్బుకు మా ఊళ్ళో ఒకరికి కాఫీ, ఇడ్లీ రావు.

కారెక్కాక సీతాపతి గారి గురించి భారతి అడిగింది. చెప్పాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఆరు నెలలూ ఆయన నన్ను రాయనివ్వలేదు, బొమ్మలు గీయమన్నారు. గీసిందాన్ని తప్పుపట్టేవారు కారు. "మళ్ళీ చూసి రా" అనేవారు, అంతే. పిల్లలు లేరు. పుస్తకం రాయలేదు. ఆయన పేరు లోకంలో మిగిలిన చోటు ఆ ఒక్క కోశం.

భారతి రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండానే అంది. "సార్, ఒక మాట చెప్తా, ఏమనుకోవద్దు. విరిగినదాన్ని ఆధారంగా పెట్టుకుంటే రేపు ఇంకొకరొచ్చి మళ్ళా ఇదే తగాదా ఎత్తుతారు. అయినా మీరు వద్దంటే వద్దు. మీ గురువు పేరే ఉంచుతా."

తునక చూసి పేరు పెట్టవద్దని నాకు చెప్పింది కూడా సీతాపతి గారే. అది తెలిసీ, ఉంచు అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. పుత్తూరు దాటేదాకా డైరీలోని ఆ పటాన్నే తిప్పి తిప్పి చూశాను.

కార్వేటినగరం

పాత రాజుల మేడ గోడలు ఒక పక్క మిగిలి ఉన్నాయి. స్తంభాల మీద గచ్చు ఊడినచోట కూడా పనితనం కనబడుతుంది. ఆ దారిలోనే మునిరత్నం ఉండే ఇల్లు. ఎనభై దాటాయి. వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య కాంతమ్మ నానబెట్టిన అనపగింజలు వేళ్ళతో పితుకుతోంది. నొక్కగానే గింజ చిటుక్కున గిన్నెలోకి దూకుతుంది, తొక్క వేళ్ళ మధ్య మిగులుతుంది. పితికిపప్పంటే అదే. మా గోదావరి వైపు ఎవరూ ఇంత శ్రమ పడరు.

"ఏం సారూ, నువ్వింకా ఉండావా?" అన్నాడు మునిరత్నం.

"ఉన్నాను కాబట్టే వచ్చాను."

"మే, కుర్చీ ఎయ్యి. నా పేరు సముద్రం పురుగుకు పెట్టినాడని చెప్తానే, ఆ సారు ఈయనే."

"ఆ కత నాకు చెప్పబాక. రోజుకు రెండుసార్లు వింటా ఉండాను" అంది కాంతమ్మ.

లోపలి గోడకు పటం కట్టించిన ఆ పుట కనబడుతోంది. నేను కూర్చోగానే అతను బావి రోజులు ఎత్తుకున్నాడు. నలభై అడుగుల లోతులో నల్లరాయి తగిలితే అందరూ వదిలెయ్యమన్నారు. అతను ఒక పెళ్ళ నాలుక మీద పెట్టుకుని, "నాలిక్కి అంటుకుంటాది సారూ, ఇది మామూలు మట్టి కాదు" అని నన్ను పిలిచాడు. గంపలో కూర్చోబెట్టి తాడుతో దించాడు. దిగుతున్నంతసేపూ నేను కళ్ళు మూసుకున్నానని భారతికి చెప్పి పగలబడి నవ్వాడు. అది నిజమే. డైరీలో మాత్రం రాసుకోలేదు.

నవ్వు ఆగాక చెప్పాను. అనప తొక్క ఒకటి తీసుకుని, జీవి ఇలా వెళ్ళిపోయిందని, మేం చూసేది ఈ తొక్కనేనని మొదలుపెట్టి, ఫోటో తిరగబడ్డ సంగతి, రెండు రకాలు కాదు ఒకటేనన్న సంగతి, తప్పు నాదేనన్న సంగతి వరసగా చెప్పాను.

"అయ్యో దేవుడా, ఇన్నేండ్లు ఊరంతా చెప్పుకొని తిరిగినావు కదయ్యా!" అని కాంతమ్మ చేతిలో పని ఆపింది.

మునిరత్నం ఆమె వైపు చూడలేదు. "అంటే నేను తీసిన రాయి అబద్ధమా సారూ?"

"రాయి నిజం. అందులో ఉన్నదీ నిజం. కుడి అని నేను రాసిందే తప్పు. ఇప్పుడు దానికి రెండు పేర్లున్నాయి. ఒకటే ఉండాలి."

"రెండోది ఎవురిది?"

"మా గురువుగారిది."

"ఆ సారు బావిలోకి దిగినాడా?"

"లేదు."

"మరింకేం తగువుండాది?"

"నోరు ముయ్యి. సదువు చెప్పిన గురువంట, వినపడలా?" అని కాంతమ్మ కసిరింది.

అతను కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. గోడ వైపు కూడా చూశాడు. "ఐతే ఆ గురువుదే ఉంచండి సారూ. నాకేముండాది. పటం తీసేస్తే గోడకు సున్నం కొట్టుకోవచ్చు" అన్నాడు. నవ్వబోయాడు, సరిగా రాలేదు.

అప్పటిదాకా నాలో తేలని సంగతి అప్పుడు తేలింది. అతను అలా అన్నందుకు కాదు. మా గురువుగారి పేరు వదులుకునే మాట ముందు నేనే అనవలసి ఉండి, అనకుండా ఏర్పేడు నుంచి కార్వేటినగరం దాకా మోసుకొచ్చాను గనక.

"మునిరత్నం, ఆయన పేరు పెట్టిన కోశం విరిగిపోయింది. నీ పేరు పెట్టింది చెక్కుచెదరలేదు. గట్టిదానికి ఉన్న పేరే ఉంచాలి. ఇక్కడ మా గురువుగారు కూర్చుని ఉంటే ఆయనా అదే అనేవారు. భారతీ, మునిరత్నం పేరే ఉంచమ్మా."

భారతి తలూపింది. మునిరత్నం మంచం మీద ముందుకు జరిగాడు. "మరి ఆయన పేరు కొట్టేస్తారా?"

"కొట్టెయ్యం తాతా. ఇంక మీదట ఎవురు రాసినా మీ పేరు రాసి, దాని కింద వరసలో ఆయన పేరు రాస్తారు. అట్లా రాయాల్సిందే" అంది భారతి.

"నా కిందనా?" అతను నిజంగా కంగారుపడ్డాడు. "గురువును నా కింద రాస్తే బాగుండదమ్మా. పక్కన రాయండి."

"పక్కన రాసే పద్ధతి లేదు తాతా."

"పద్ధతి మీరు పెట్టుకున్నదే కదా? ఒక గీత పక్కకు జరిపితే మీ సొమ్మేం పోతాది?"

కాంతమ్మ సంగటి ముద్ద పెట్టి, నడుమ గుంట చేసి పితికిపప్పు పులుసు పోసింది. రాగిసంగటిని నమలకూడదని, పులుసులో ముంచి మింగాలని నాకు తెలియదు. నమిలాను. పళ్ళకు అతుక్కుని కాసేపు మాట పెగల్లేదు. మునిరత్నం మళ్ళీ నవ్వాడు, ఈసారి సరిగా.

చిత్తూరు

సాయంత్రానికి భారతి వాళ్ళింటికి చేరాం. వాళ్ళమ్మ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, కాఫీకి ముందే మామిడి తాండ్ర పెట్టింది. భారతి అప్పటికప్పుడే కంప్యూటరు తెరిచి ఆ పేరా రాసి, నాకు చదివి వినిపించింది. ఈ రెండు రకాలూ ఒకటే. రెండు పేర్లూ ఒకేసారి అచ్చయ్యాయి. ఆధార కోశం చెడకుండా ఉన్నందువల్ల మునిరత్నం పేరును ఎంచుకుంటున్నాం. దాని కింద, లోపలికి జరిపిన వరసలో, సీతాపతి గారి పేరు. ఆ తర్వాతి వాక్యం: "ముద్రణలో ఛాయాచిత్రం తిరగబడినందువల్ల ఈ పొరపాటు జరిగింది."

"ఆ వాక్యం మార్చమ్మా. వర్ణించినవాడి పొరపాటు అని పెట్టు."

"అవసరమా సార్? ఫోటో తిరగేసింది మీరు కాదు కదా."

"ఫోటో కడిగినతనికి దాని ఎడమేదో కుడేదో తెలిసే వీలు లేదు. నాకుంది. స్లైడు పక్క గదిలోనే ఉంది. లేచి వెళ్ళి ఒక్కసారి చూస్తే సరిపోయేది."

ఆమె పాత వాక్యం తీసేసింది. తప్పు ఎవరిదో నా పేరుతో సహా రాసింది. మునిరత్నం, సీతాపతి గారు, నేను, ముగ్గురం రెండు అంగుళాల చోటులో ఇమిడాం.

"ఇంకొకసారి చదువమ్మా" అన్నాను.

వంటింట్లోంచి వాళ్ళమ్మ, "సల్లారిపోతా ఉండాది, ఆ రాత తర్వాత సూసుకోండి" అని కేకేసింది. అయినా భారతి చదివింది. ఎక్కడా మార్చవలసింది కనబడలేదు.